పాత కారులలో జ్వలన దోషములు: ఒక సమీక్ష

హిందూస్థాన్ మోటార్స్ వారి అంబాసిడరు ఉత్పత్తి 2014లో నిలిచిపోయినది. ప్రీమియర్ పద్మినియు, స్టాండర్డ్ హెరాల్డును అంతకు ఎంతో ముందే విపణిని విడిచినవి. విల్లీస్ నమూనా పెట్రోలు జీపులు అపురూప వస్తువులైనవి. ఐనను వీనిని వారసత్వముగా పొందినవారును, కోరి వెదకి కొన్నవారును, ఇంటి ముంగిట నిలిపి తుడుచుకొనుటతో తృప్తి చెందక రహదారిపై నడిచినప్పుడే వాహనము వాహనమగునని నమ్మి కాపాడుకొనుచున్నవారును మన పట్టణములలో నేటికిని పెక్కుమంది కలరు. అట్టివారిని అధికముగా వేధించు చిక్కు ఏదియని విచారించినచో, అది సిలిండరులో చేరిన పెట్రోలు ఆవిరిని సరియైన క్షణమున మండింపవలసిన నిప్పురవ్వకు సంబంధించినదే యని తేలును. ఉదయమున సెల్ఫు చక్కగా తిరుగును గాని ఇంజను అందుకొనదు; ఎండలో కొంత దూరము నడిచిన బండి ఆగిపోయి, చల్లబడిన పిమ్మట ఏమియు ఎఱుగనట్లు మఱల కదలును; మెట్ట ఎక్కునపుడు మిస్సింగు కొట్టును; తొలకరి జల్లు పడిన మఱునాడు మొండికేయును. ఈ లక్షణములన్నింటికిని మూలము తఱచుగా ఒక్కచోటనే, మన మెకానిక్కులు డెల్కో యని పిలుచు డిస్ట్రిబ్యూటరను ఆ చిన్న గుండ్రని పెట్టెలోను, దానిని చేరు తీగెలలోను ఉండును.

ఈ దోషముల నివారణమును గూర్చి మూడు మతములు వ్యాప్తిలో నున్నవి. మొదటిది, పాయింట్లు, కండెన్సరు, కాయిలు, ప్లగ్గులు వరుసగా మార్చుకొనుచు పోయి, బండి ఎచ్చట అందుకొన్న అచ్చట ఆగుట. రెండవది, ఇంజను తడబడిన ప్రతిసారియు కార్బొరేటరును విప్పి శుభ్రపఱచుట. మూడవది, ఇటీవల బలపడినది: పాయింట్లను తీసివైచి, వాని స్థానమున ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అమర్చినచో సమస్త దోషములును తొలగునని విశ్వసించుట. ఈ మూడింటిలోను కొంత సత్యము లేకపోలేదు. కాని మూడింటికిని సమానమైన లోప మొకటి కలదు: దోషము ఎచ్చట నున్నదో తెలిసికొనకముందే చికిత్స ఆరంభించుట. చెఱువు తూమునుండి పొలమునకు నీరు రాకున్నచో, తెలివిగల రైతు తూము మొదలుకొని కాలువ వెంట నడచి గండి ఎచ్చట పడినదో చూచును గాని, వాడిన పైరునకు ఎరువు వేయుచు కూర్చుండడు. బ్యాటరీనుండి ప్లగ్గు కొనవఱకు కరెంటు నడచు దారిని అట్లే క్రమము తప్పక పరీక్షించుటయే ఈ విషయమున సర్వోత్తమ మార్గమనియు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఆ పరీక్ష ముగిసిన పిమ్మట నిర్ణయింపదగిన ప్రశ్నయే గాని దానికి ప్రత్యామ్నాయము కాదనియు నిరూపించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

వ్యవస్థ పుట్టుపూర్వోత్తరములను స్థూలముగా తెలిసికొనుట అవసరము. అయస్కాంత క్షేత్రము మాఱునపుడు సమీపమందలి తీగెలో విద్యుత్తు పుట్టునను తత్త్వమును మైకేల్ ఫారడే 1831లో వెల్లడించెను. ఆ తత్త్వము నాధారముగా గొని 1902లో జర్మనీయందు బాష్ కర్మాగారమున గాట్లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును సిద్ధము చేసెను. అమెరికాయందలి డేటన్ నగరమున చార్లెస్ కెటరింగ్, తన డెల్కో సంస్థ పక్షమున, బ్యాటరీతో నడచు జ్వలన వ్యవస్థను రూపొందించి, 1912 నాటి కాడిలాక్ కారునకు సెల్ఫు స్టార్టరుతోను దీపములతోను కలిపి అమర్చెను. మన అంబాసిడరు బానెట్టు క్రింద నున్నది కొద్దిపాటి మార్పులతో ఆ కెటరింగ్ వ్యవస్థయే.

దాని పనితీరు ఇట్టిది. కాయిలులో మందపు తీగె చుట్టలు కొన్ని వందలు, సన్నని తీగె చుట్టలు అనేక వేలు ఇనుపరేకుల దిమ్మె చుట్టును ఉండును. పాయింట్లు మూసికొనియున్నంతసేపు బ్యాటరీ కరెంటు మందపు తీగె గుండ నడచి, పాయింట్ల ద్వారా ఎర్తు చేరును; అంతలో అయస్కాంత క్షేత్రము నిండును. డెల్కో ఇరుసు మీది కామ్ పాయింట్లను విడదీసిన క్షణమున ఆ ప్రవాహము తెగును, క్షేత్రము కూలును, సన్నని తీగెలో పదునైదు ఇరువది వేల వోల్టుల విద్యుత్తు పుట్టును. అది కాయిలు నడినెత్తిన నున్న లీడు ద్వారా డెల్కో మూతకును, అచ్చటి కార్బను బొగ్గు ద్వారా రోటరునకును, రోటరు కొననుండి ఏ సిలిండరునకు వంతు వచ్చినదో దాని ప్లగ్గునకును చేరును. పాయింట్లు విడిపోవునపుడు వాని నడుమ నిప్పు లేవకుండ, ప్రవాహము చటుక్కున తెగునట్లు చేయుటయే కండెన్సరు పని. కావున నిప్పురవ్వ పుట్టునది పాయింట్లు కలిసినపుడు కాదు, విడిపోయినపుడు. ఈ ఒక్క విషయము మనస్సున నిలిచినచో దోషపరీక్షలో సగము తెలిసినట్లే.

ఇందలి వేగమును కూడ గమనింపవలెను. నాలుగు సిలిండరుల ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు డెల్కో ఇరుసు అందులో సగము, అనగా 1500 చుట్లు తిరుగును. అప్పుడు సెకనునకు 100 నిప్పురవ్వలు పుట్టవలెను. ఒక రవ్వకును మఱియొక రవ్వకును నడుమ వ్యవధి సెకనులో నూఱవ వంతు మాత్రమే. పాయింట్లు మూసికొనియుండు కాలము అందులో మూడింట రెండు వంతులు. కాయిలు నిండుటకు లభించు అవకాశము అంతే. నిదానముగా నడచునపుడు నిర్దోషముగా దోచిన బండి వేగమున తడబడుటకు కారణ మిచ్చట నున్నది: వేగము హెచ్చినకొలది కాయిలు నిండుటకు కాలము తగ్గును, ఆ కొంచెపు కాలములో ఏ చిన్న నిరోధమైనను, ఏ స్వల్పమైన ఎడము తేడాయైనను బయటపడును.

ఇక పరీక్షాక్రమము. మొదట చూడవలసినది తక్కువ వోల్టేజి దారి: బ్యాటరీ, ఇగ్నిషన్ తాళము, కాయిలు, డెల్కో లోపలి తీగె, పాయింట్లు, ఎర్తు. దీనికి కావలసినది ఒక వోల్టుమీటరు, అది లేకున్న రెండు తీగెలు తగిలించిన ఒక చిన్న బల్బు. తాళము త్రిప్పి, పాయింట్లు విడిపోయియుండగా కాయిలునుండి డెల్కోకు పోవు మొనవద్ద పరీక్షించినచో బ్యాటరీ వోల్టేజి సంపూర్ణముగా కనబడవలెను. పాయింట్లు మూసికొన్నపుడు అదే మొనవద్ద దాదాపు శూన్యము కనబడవలెను. పాయింట్లు విడిపోయినను శూన్యమే కనబడినచో, కాయిలునకు సరఫరాయే లేదనియో, కాయిలు లోపలి తీగె తెగినదనియో, లేక డెల్కోలో ఎచ్చటనో కరెంటు అడ్డదారిన ఎర్తు చేరుచున్నదనియో గ్రహింపవలెను. డెల్కో తీగెను విప్పిన వెంటనే వోల్టేజి మఱల వచ్చినచో దోషము డెల్కోలో నున్నట్లు నిశ్చయమగును. పాయింట్లు మూసికొన్నపుడు అర వోల్టో ఒక వోల్టో మిగిలియున్నచో పాయింట్ల ముఖములు మాడినవి, లేదా ఎర్తు బలహీనమైనది. ఈ రెండు మూడు కొలతలు, నాలుగు సామానులు మార్చి తెలిసికొనదగినదానికంటె ఎక్కువ చెప్పును.

ఇందు ఎర్తు విషయమును ప్రత్యేకముగా చెప్పవలెను. ఇంజను పీల్పుతో రవ్వను సవరించు వాక్యూము అడ్వాన్సు గల డెల్కోలలో పాయింట్లు బిగించియుండు పళ్ళెము అటునిటు కదలుచుండును. దానికి ఎర్తు నందించు సన్నని అల్లికతీగె సంవత్సరముల తరబడి మడతపడి మడతపడి, పైపొర చెడకయే లోపల విఱుగును. కాయిలునుండి డెల్కోలోనికి వచ్చు చిన్న తీగెకును ఇదే గతి. అప్పుడు బండి నిలిచియున్నచోట బాగుగా నడచును. యాక్సిలరేటరు త్రొక్కిన వెంటనే పళ్ళెము కదలి, తీగె ఎడమై, ఇంజను తడబడును. ఈ తడబాటును చూచినవారు కార్బొరేటరును విప్పుదురు, జెట్లు ఊదుదురు, మఱల అమర్చుదురు, దోషము మాత్రము ఉన్నచోటనే యుండును. ఇగ్నిషన్ తాళము లోపలి అరుగుదలయు, బ్యాటరీనుండి ఇంజనునకును బాడీకిని పోవు ఎర్తు పట్టీల త్రుప్పును ఇట్లే కాలక్రమమున వోల్టేజిని హరించును. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ వంటి 6 వోల్టుల పాత బండ్లలో ఈ నష్టము మఱింత బాధాకరము. అర వోల్టు 12లో పోవుట వేఱు, 6లో పోవుట వేఱు.

పాయింట్ల ఎడము రెండవ ముఖ్యాంశము. లూకాస్ సంస్థవారి 25డి4 జాతి డెల్కోలకు నియమించిన ఎడము అంగుళములో వేయింట 14 నుండి 16 వంతులు, అనగా 0.35 నుండి 0.40 మిల్లీమీటరులు. ఎడము తక్కువైనచో పాయింట్లు మూసికొనియుండు కాలము హెచ్చును, ముఖములు మాడును, నిప్పురవ్వ ఆలస్యమగును. ఎడము ఎక్కువైనచో రవ్వ ముందుగా వచ్చును, కాయిలు నిండుటకు కాలము చాలక వేగమున మిస్సింగు కొట్టును. కావున ఎడము మార్చిన ప్రతిసారియు టైమింగును చూడవలసియుండును. ముందు ఎడము, పిమ్మట టైమింగు, ఈ వరుస తలక్రిందులు కారాదు. కామ్‌పై నడచు నారమడమకు కొంచెము గ్రీజు పెట్టనిచో అది అరిగి, కొన్నాళ్లలోనే ఎడము తనంతట మూసికొని పోవును. అధికముగా పెట్టినచో గ్రీజు చిమ్మి పాయింట్ల ముఖములపై పడి మాడును. ఒక ముఖమున గుంటయు, రెండవ ముఖమున మొటిమయు ఏర్పడుట పాయింట్ల తప్పు కాదు. అది తఱచు కండెన్సరు సామర్థ్యము సరిపడలేదని సూచించును. అట్టి పాయింట్లను ఆకురాయితో రుద్ది నునుపు చేయుట ఆనాటికి గడుపుకొను ఉపాయమే గాని చికిత్స కాదు.

కండెన్సరు ఈ వ్యవస్థలో మిక్కిలి చిన్నది, మిక్కిలి చవుకది, మిక్కిలి మోసకారి. దాని సామర్థ్యము మైక్రోఫారడులో అయిదవ వంతు అటునిటుగా నుండును. అది లోపల తెగినచో పాయింట్ల నడుమ పెద్ద నిప్పు లేచును, ప్లగ్గువద్ద రవ్వ పసుపువన్నెకు తిరిగి బలహీనమగును. అది లోపల అంటుకొన్నచో పాయింట్లు విడిపోయినను ప్రవాహము ఆగదు గనుక రవ్వ యసలే పుట్టదు. ఈ రెంటికంటె కష్టమైనది మూడవ రీతి: చల్లగా నున్నంతసేపు నిర్దోషముగా పనిచేసి, వేడెక్కినపుడు మాత్రము చెడుట. రాయలసీమలోను తెలంగాణములోను వేసవి ఎండ 45 డిగ్రీలకు చేరినపుడు బానెట్టు క్రింది వేడిమి ఎంతయుండునో ఊహింపవచ్చును. పాతికేండ్లు పనిచేసిన కండెన్సరును తీసివైచి కొత్తదానిని అమర్చిన వారము దినములకే బండి ఆగిపోయిన ఉదాహరణములు పెక్కు వినబడుచున్నవి. నేడు దొరకు కొత్త సామానులో నాణ్యము ఒక్కతీరుగా లేకుండుటయే ఇందులకు కారణము. కావున పనిచేయుచున్న పాత కండెన్సరును పాఱవేయరాదు. దానిని భద్రపఱచి, సందేహము కలిగినపుడు కొత్తదానికి ప్రక్కన పెట్టి చూడవలెను.

వేడిమికి ఆగు బండి విషయమున ఇంకొక వివేకము కావలెను. పెట్రోలు గొట్టములో ఆవిరి క్రమ్ముట వలనను ఇదే లక్షణము కనబడును. కాయిలు వేడెక్కి లోపలి తీగె ఎడమగుట వలనను కనబడును. కండెన్సరు వలనను కనబడును. పెట్రోలు దోషమును తక్కిన రెంటినుండి వేఱు పఱచు సాధన మొక్కటే: ఆగిన క్షణముననే, ఇంజను చల్లబడకముందే, రవ్వ ఉన్నదో లేదో పరీక్షించుట. అదనపు ప్లగ్గు నొకదానిని లీడునకు తగిలించి, దాని పొట్టను ఇంజను లోహమునకు గట్టిగా ఆనించి సెల్ఫు త్రిప్పినపుడు నీలివన్నె రవ్వ చిటపటలాడుచు కనబడినచో పెట్రోలు మార్గమును చూడవచ్చును. రవ్వ లేకున్నచో కార్బొరేటరు జోలికి పోరాదు. చల్లబడిన పిమ్మట చేసిన పరీక్ష ఏమియు చెప్పదు.

ఇక డెల్కో యంత్రభాగము. ఇందు ఇరుసు, దానిని మోయు బుష్షు, వేగమునకు తగినట్లు రవ్వను ముందునకు జరుపు బరువులు, వాని స్ప్రింగులు, ఇంజను పీల్పునకు లోబడి రవ్వను సవరించు వాక్యూము పొర ఉండును. ఇరుసును వ్రేళ్లతో పట్టుకొని ప్రక్కకు కదపినపుడు స్పష్టముగా ఆడినచో బుష్షు అరిగినదని తెలియవలెను. అరిగిన బుష్షు గల డెల్కోలో పాయింట్ల ఎడము నిలువదు. ఒక సిలిండరునకు ముందుగాను, మఱియొకదానికి ఆలస్యముగాను రవ్వ చేరును. ఎన్నిసార్లు టైమింగు పెట్టినను ఇంజను నడక సమము కాదు. బరువులు ఎండిన గ్రీజులో బిగిసినచో బండి మందకొడిగా నడచి వేడెక్కును. స్ప్రింగులు సాగినచో రవ్వ ముందునకు దూకి ఇంజను కొట్టుకొనును. రోటరును వ్రేళ్లతో తిరుగు దిక్కునకు త్రిప్పి వదలినపుడు అది చటుక్కున వెనుకకు రావలెను. రాకున్నచో లోపల శుభ్రపఱచి నూనె వేయవలెను. వాక్యూము గొట్టమును నోటితో పీల్చి పట్టియుంచినపుడు పళ్ళెము కదలి అచ్చటనే నిలువవలెను. నిలువకున్న పొర చినిగినది. ఈ పరీక్షలకు ఖర్చేమియు లేదు. ఐనను వీనిని చేయువారు అరుదు.

అధిక వోల్టేజి దారిలో మూత, రోటరు, లీడులు, ప్లగ్గులు చేరును. మూతలో వెండ్రుకవంటి పగులు, దానివెంట కరెంటు నడచిన నల్లని చాఱ, నడుమ అరిగిన కార్బను బొగ్గు, పచ్చని కిలుము పట్టిన మొనలు, ఇవి చూడవలసినవి. సముద్రతీరపు పట్టణములలో ఉప్పుగాలియు, వర్షాకాలపు తేమయు ఈ పగుళ్లను వెదకి పట్టుకొనును. చీకటిలో బానెట్టెత్తి ఇంజను నడిపినచో, కరెంటు కాఱుచున్న లీడుల వెంట నీలికాంతులు స్పష్టముగా కనబడును. రోటరు విషయమున ఒక గుప్తదోషము కలదు: దాని పైరేకును బిగించిన మేకు క్రింది పదార్థమును చీల్చి, అధిక వోల్టేజి ఇరుసు గుండ ఎర్తు చేరుట. మూత తీసి, కాయిలునుండి వచ్చు లీడు కొనను రోటరు ఇత్తడిరేకునకు కొన్ని మిల్లీమీటరుల ఎడమున, పొడి రబ్బరు పిడి గల పట్టుకారుతో పట్టి, పాయింట్లను విడదీసినపుడు రవ్వ రేకుపైకి ధారాళముగా దూకినచో రోటరు చెడినదని అర్థము. మంచి రోటరు కరెంటునకు దారి ఇయ్యదు. ప్లగ్గుల లీడులు 1, 3, 4, 2 అను జ్వలనక్రమమున, డెల్కో తిరుగు దిక్కు ననుసరించి అమర్చవలెను. రెండు లీడులు తారుమాఱైన కారణముగా కార్బొరేటరులో ప్రేలుళ్లు కలిగి, ఇంజనునే విప్పించుకొన్న బండ్లు లేకపోలేదు.

ఇచ్చటికి పాయింట్ల వ్యవస్థ ముగిసినది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ దీనికి ఉత్తరాధికారి. అమెరికాయందు పాంటియాక్ కారులకు 1963లోనే ట్రాన్సిస్టరు జ్వలనము లభించినది. క్రైస్లర్ సంస్థ 1973 నాటికి తన అమెరికన్ కారులన్నింటికిని పాయింట్లు లేని జ్వలనమును అమర్చినది. పాత బండ్లకు నేడు లభించు పరికరములు స్థూలముగా నాలుగు జాతులు. పాయింట్లను ఉంచియే, వాని గుండ అల్పమైన కరెంటు మాత్రము పంపి, భారమంతయు ట్రాన్సిస్టరుపై వేయునది మొదటిది. పండ్ల చక్రమును, తీగెచుట్టను ఉపయోగించు అయస్కాంత జాతి రెండవది. ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన ప్రభావము నాధారముగా గొని, రోటరు క్రింద అయస్కాంతపు ఉంగరమును త్రిప్పునది మూడవది. కంటికి కనబడని కాంతికిరణమును చిల్లుల పళ్ళెముతో ఖండించునది నాలుగవది. రోటరు క్రింద ఇముడు హాల్ జాతి పరికరములే పాత కారులవారిలో అధిక ప్రచారము పొందినవి.

వీని గుణములు కాదనరానివి. అరుగు మడమ లేదు, మాడు ముఖము లేదు, మాటిమాటికి ఎడము చూడవలసిన శ్రమ లేదు. ఒకసారి పెట్టిన టైమింగు చిరకాలము నిలుచును. చల్లని ఉదయములందు ఇంజను సులభముగా అందుకొనును. దినదినము నగరమున నడపు బండికి ఇది నిజమైన మేలు. కాని ఇది చేయలేని పనులును స్పష్టము. అరిగిన బుష్షును ఇది సరిచేయదు. ఇరుసు ఆడుచున్నంతకాలము ఉంగరము ఆడును, రవ్వ కాలము ఆడును. బిగిసిన బరువులను కదల్చదు, చినిగిన వాక్యూము పొరను కుట్టదు, పగిలిన మూతను అతుకదు, బలహీనమైన ఎర్తును బలపఱచదు. పైగా పాయింట్లు ఓర్చుకొను కొన్ని అపచారములను ఇది ఓర్వదు.

ఆ అపచారములు ఇవి. బ్యాటరీ మొనలను తారుమాఱు చేసి తగిలించినచో పరికరము ఆ క్షణముననే నశించును. 1960 దశకము మధ్యవఱకు వచ్చిన బ్రిటిషు కారులలో పెక్కింటికి పాజిటివ్ మొన ఎర్తు. అట్టి బండికి నెగటివ్ ఎర్తు పరికరమును తగిలించుట ఘోరమైన తప్పు. తాళము త్రిప్పియుంచి ఇంజను నడుపకుండ కూర్చుండి ఏవో పరీక్షలు చేయుట వలన కొన్ని పరికరములు కాలిపోవును. కాయిలు నిరోధము పరికరమునకు తగియుండవలెను: 12 వోల్టులకు నేరుగా కలుపు సాధారణ కాయిలునకు 3 ఓముల నిరోధము ఉండును, దాని గుండ గరిష్ఠముగా 4 ఆంపియరులు నడచును, బ్యాలస్టుతో, అనగా వరుసలో కలుపు అదనపు నిరోధముతో, వాడవలసిన 1.5 ఓముల కాయిలును బ్యాలస్టు లేకుండ తగిలించినచో ఆ ప్రవాహము రెట్టింపై పరికరమును కాల్చును. బ్యాలస్టు గల బండిలో పరికరమునకు కరెంటును ఆ బ్యాలస్టునకు ముందునుండియే తీసికొనవలెను. తరువాతనుండి తీసికొన్నచో అది ఆకలితో నడచి, వేడెక్కినపుడు తడబడును. లోపల రాగితీగె గల పాత లీడులు వెలువఱచు అలజడి పరికరమును గందరగోళపఱచును గనుక, నిరోధము గల లీడులే వాడవలెను. పాత డైనమో రెగ్యులేటరు అదుపు తప్పినచో వచ్చు అధిక వోల్టేజియు దీనికి శత్రువే.

దోషపరీక్షలోను భేదము కలదు. పాయింట్లు చెడునపుడు ముందుగా సూచన చేసి, నత్తనడకతోనైనను ఇంటికి చేర్చును. ఎలక్ట్రానిక్ పరికరము చెడునపుడు తఱచు హెచ్చరిక లేకుండ నిలిచిపోవును. అది పనిచేయుచున్నదో లేదో రోడ్డుపై తెలిసికొనుటకు మార్గములు కొన్నియే: పరికరము మొనవద్ద సంపూర్ణ వోల్టేజి వచ్చుచున్నదా, సెల్ఫు తిరుగునపుడు అది మిక్కిలి పడిపోవుచున్నదా, ఎర్తు గట్టిగా నున్నదా, ఉంగరమునకును పరికరమునకును నడుమ ఎడము సరిగా నున్నదా, ఉంగరము పగులలేదు గదా, ఇవి చూచి, అన్నియు సరిగా నుండి రవ్వ లేనిచో పరికరమును మార్చుటయే గతి. బ్యాటరీ నీరసించినపుడు బండిని తోసి స్టార్టు చేయుట మన దేశమున పరిపాటి. పాయింట్లు అల్ప వోల్టేజికిని ఏదో ఒక రవ్వ నిచ్చును, ఎలక్ట్రానిక్ పరికరము మాత్రము తనకు కావలసిన కనీస వోల్టేజి లేనిదే కదలదు. అందుచేతనే అనుభవజ్ఞులు తీసివైచిన పాయింట్ల పళ్ళెమును, కండెన్సరును ఒక డబ్బాలో పెట్టి డిక్కీలో నుంచుకొందురు. ఇది అవిశ్వాసము కాదు, దూరదృష్టి.

టైమింగు విషయమున ఒక మాట. పాయింట్ల వ్యవస్థలో మొదటి సిలిండరు పిస్టనును నొక్కు గమనమున పైకి తెచ్చి, పుల్లీ గుర్తును సరిచూచి, కాయిలు మొనకును ఎర్తునకును నడుమ బల్బు తగిలించి, డెల్కోను మెల్లగా త్రిప్పుచు బల్బు వెలిగిన చోట బిగించిన చాలును. పాయింట్లు విడిపోయిన క్షణము అదియే. పెక్కు ఎలక్ట్రానిక్ పరికరములకు ఈ పద్ధతి నమ్మదగినది కాదు. ఇంజను నడచుచుండగా స్ట్రోబు దీపముతో చూడవలెను. ఎలక్ట్రానిక్ పరికరము అమర్చినపిమ్మట పాత గుర్తులను నమ్మి టైమింగు చూడకయే నడపువారు, ఇంజను కొట్టుకొనుటయు మైలేజి పడిపోవుటయు కనబడినపుడు పరికరమును నిందించుట న్యాయము కాదు.

ఈ విచారణమంతటి ఫలితముగా నా అభిప్రాయము ఇట్లు తేలుచున్నది. సామాను మార్చు మతము చవుకగా కనబడు ఖరీదైన మార్గము. దానివలన బండి నడచినను యజమానికి జ్ఞానము మిగులదు, దోషము మఱల వచ్చును. కార్బొరేటరును నిందించు మతము పెక్కుసార్లు అమాయకుని శిక్షించుటయే. రవ్వ నిరూపితము కానిదే దానిని ముట్టరాదు. ఎలక్ట్రానిక్ మతము సత్యమునకు సమీపమైనది, కాని దానికి ముందొక నియమము కావలెను: బుష్షు, బరువులు, వాక్యూము, ఎర్తు, మూత, లీడులు శుభ్రమై నిలిచిన డెల్కోకే ఆ గౌరవము దక్కవలెను. నెలకు ఒకటి రెండుసార్లు కదలు, పల్లెదారులలో దూరప్రయాణము చేయు బండికి, మంచి బుష్షును నమ్మదగిన కండెన్సరును ఉన్నచో, పాయింట్లు నేటికిని చాలును. ఆ వ్యవస్థను తెలిసిన మెకానిక్కు ఏ చిన్న ఊరిలోనైనను దొరకవచ్చును, యజమానియే చెట్టు నీడన కూర్చుండి సవరించుకొనవచ్చును. దినమును నగరమున నడచు బండికి ఎలక్ట్రానిక్ పరికరమే మేలు.

పాత వాహనములను ప్రేమించువారిని తుదకు కోరునది ఇది. బానెట్టును మెకానిక్కునకు అప్పగించి దూరముగా నిలువక, ఒక వోల్టుమీటరును, ఒక అదనపు ప్లగ్గును, ఒక ఎడము కొలుచు రేకుల కట్టను సంపాదించి, బ్యాటరీనుండి ప్లగ్గువఱకు కరెంటు నడచు దారిని తమ చేతులతో ఒకసారి పరీక్షించి చూడుడు. ప్రతి పరీక్ష ఫలితమును తేదీతో ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. తీసివైచిన అసలు భాగములను పాఱవేయక దాచుడు. పాత పనివారు తగ్గిపోవుచున్న ఈ కాలమున ఆ విద్య నిలుచునో నశించునో యజమానులు నేర్చుకొనుటపైననే ఆధారపడియున్నది.